నాలుగువైపులా వెండిగుడ్డ

మంగళవారం పొద్దున శాంపిలక్క పనికి బయల్దేరుతూ, మరదలి మెడలో వేలాడుతున్న ఫోన్ సంచి బొత్తాన్ని తన చేత్తోనే టిక్కుమని నొక్కి, "తీయకు సుమా" అని చెప్పి వెళ్ళడం దగ్గర మనం ఆగాం. ఆ టిక్కుమన్న చప్పుడే ఈ వారం కథంతా. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం మూడు రోజులు వెనక్కి వెళ్ళొస్తే సరిపోతుంది.

శాంపిలక్క తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడై నాలుగేళ్ళయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ పక్కన పడుకుని లేస్తున్నాడు. శనివారం నాడు పెద్దాసుపత్రి వాళ్ళు పిలిచి, మార్పిడి జాబితాలో అతని పేరు పైకొచ్చిందని చెప్పారు. ఏ రోజైనా, ఏ గంటైనా ఫోన్ రావచ్చు, వచ్చిన వెంటనే ఎత్తాలి, ఎత్తకపోతే తర్వాతి పేరుకి వెళ్ళిపోతామన్నారు. రెండు నంబర్లు రాసుకున్నారు. మొదటిది మరదలిది, అంటే అతని భార్యది, రెండోది శాంపిలక్కది. మిషన్ మీద ఉన్నంతసేపూ తమ్ముడి చేతికి సూదులుంటాయి కాబట్టి అతని నంబరు రాయించలేదు.

ఆ క్షణం నుంచి మరదలు ఫోన్‌ను ఒంటినుంచి వేరు చేస్తే ఒట్టు. పడుకున్నా పొట్ట మీదే, కూర్చున్నా పొట్ట మీదే. ఆ పొట్టలో ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన ఆరో నెల బిడ్డ. అది చూసి శాంపిలక్క ప్రాణం విలవిల్లాడింది. ఎందుకంటే ఆమె పనిచేసేది ఫోన్ రేడియేషన్ తగ్గించే కేసులు కుట్టే వర్క్‌షాపులో. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా మొట్టమొదటి ముక్క ఆమె చేతిమీదుగా తయారవ్వాలి. అందుకే అక్కడ అసలు పేరు ఎగిరిపోయి శాంపిలక్క అయింది. మూడేళ్ళలో ఆమె తన పేరుకన్నా రేడియేషన్ అన్న మాటే ఎక్కువసార్లు విని ఉంటుంది.

అక్కడి కేసుకి వెండి దారం కలిపి నేసిన గుడ్డను ముందు మూత లోపల మాత్రమే వేస్తారు. వెనకవైపు మామూలు తోలే. ఎందుకలా అని శాంపిలక్క ఎవర్నీ అడగలేదు. ఓనరమ్మ కక్కుర్తి అనుకుంది. ఖరీదైన గుడ్డ కదా, సగం మిగుల్చుకుంటోంది అనుకుంది. బయటివాళ్ళ సంగతి సరే, మనవాళ్ళ దగ్గర కూడా పీనాసితనమా? శనివారం సాయంత్రం మిగిలిన ముక్కలు ఏరుకుని, నాలుగువైపులా వెండిగుడ్డ వేసి, మూతిని రెండు వేళ్ళ వెడల్పున ఒకదానిమీదొకటి మడిచి, బొత్తం పెట్టి, మెడలో వేసుకునే సంచి కుట్టింది. మొదట ఒకటి మచ్చుకి, తర్వాత ఒకటి మరదలి కోసం. అంత బిగువైన కుట్టు ఆమె జీవితంలో వేయలేదు. మాట్లాడాల్సినప్పుడు తప్ప తీయనని మరదలి చేత ఒట్టు కూడా వేయించుకుంది.

"ఈ సంచిలో పెట్టినప్పట్నించీ ఫోన్ ఎంత బుద్ధిగా ఉందో వదినా" అంది మరదలు ఆదివారం. "రోజుకి పదిసార్లు చేసే మా పిన్ని కూడా ఊసెత్తట్లేదు."

"మీ పిన్ని నోరు కూడా రేడియేషనే" అంది శాంపిలక్క. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

*

మంగళవారం పదిన్నరకు వర్క్‌షాపుకి మీటరాయన వచ్చాడు. అసలు పేరు ఎవరూ అడగలేదు, భుజాన రేడియేషన్ కొలిచే మీటరున్న పెట్టె వేసుకుని తిరుగుతాడు కాబట్టి మీటరాయన. జలుబుతో ముక్కు ఎర్రగా ఉంది. కేసులు కొన్నవాళ్ళ దగ్గర్నించి నెల రోజులుగా ఒకటే ఫిర్యాదులు. ఫోన్ వేడెక్కుతోందని ఒకరు, బ్యాటరీ సాయంత్రానికే అయిపోతోందని ఒకరు, మాట తెగిపోతోందని ఇంకొకరు. సంగతేమిటో తేల్చమని ఓనరమ్మే పిలిపించింది.

ఓనరమ్మకు కుట్టేవాళ్ళు వెనకాల పెట్టుకున్న పేరు సర్టిఫికెట్టమ్మ. తొంభై తొమ్మిది శాతం రేడియేషన్ ఆపుతుందని ఏదో ల్యాబు ఇచ్చిన కాగితాన్ని ఫ్రేము కట్టించి బల్ల వెనక వేలాడదీసింది. ఎవరేమన్నా వేలు దానివైపే పోతుంది. ఆ బల్లమీదే ఒక స్టీలు ట్రే ఉంటుంది. ఫోన్ చూసుకుంటూ ఒకామె మిషన్ సూదిని వేల్లోకి దింపుకున్నప్పట్నించీ, పనివేళల్లో అందరి ఫోన్లూ ఆ ట్రేలో పెట్టాలని రూలు. శాంపిలక్క సోమవారం తన సంగతి చెప్పి బతిమాలుకుంది.

"నా కళ్ళముందే కదా ఉండేది. ఆసుపత్రి ఫోనైతే నేనే పిలుస్తాను, సరేనా?" అంది ఓనరమ్మ. సరే అనక ఏమంటుంది.

ప్యాకింగు గదిలో మీటరాయన పెట్టె తెరిచాడు. అట్టపెట్టెలు గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి, మధ్యాహ్నం బండికి వెళ్ళాల్సినవి. జిగురు వాసన. కుట్టేవాళ్ళు ఐదుగురూ, కటింగు మాస్టరూ చుట్టూ నిలబడ్డారు. ఓనరమ్మ పావుగంట ఆలస్యంగా, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చింది.

"ఈ ట్రే ఒకటి నా ప్రాణానికి. పని చేసుకోనివ్వరు కదా" అని గొణుక్కుని, "ఊ, చెప్పండి" అంది.

మీటరాయన తన ఫోన్‌కి కేసు తొడిగి, ఎవరికో కలిపి, మూత మూసి మీటరు దగ్గర పెట్టాడు. అంకె తగ్గింది. ఓనరమ్మ మొహం విప్పారింది. తర్వాత ఆయన మూతను పుస్తకం అట్టలా వెనక్కి మడిచాడు. అంకె పెరిగింది. కేసు లేనప్పటికన్నా ఎక్కువైంది.

"జనం మాట్లాడేటప్పుడు మూతను ఇలాగే వెనక్కి మడుస్తారు. పట్టుకోవడానికి వీలు కదా" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "అప్పుడు వెండిగుడ్డ టవరుకి అడ్డం పోతుంది. తలుపేసిన గదిలోంచి మనిషిని పిలవాలంటే ఏం చేస్తారు? గొంతు పెంచుతారు. ఫోనూ అంతే. ఆ అరుపంతా చెవి పక్కన."

"మా సర్టిఫికెట్టులో తొంభై తొమ్మిది అని ఉందండీ."

"అది గుడ్డకిచ్చిన కాగితమండీ. జానెడు గుడ్డ పంపి చూడమన్నారు, వాళ్ళు చూశారు. గుడ్డ మంచిదే. కానీ గుడ్డతో ఎవరూ మాట్లాడరు కదా."

ఎవరో కిసుక్కుమన్నారు. ఓనరమ్మ అటు చూసేసరికి ఆగిపోయారు. శాంపిలక్కకు మాత్రం లోపల ఒకరకంగా ఆనందంగా ఉంది, దాచడమెందుకు. కక్కుర్తి పడితే ఇలాగే ఉంటుంది, నేనప్పుడే అనుకున్నాను, అని మనసులో ఒకటికి రెండుసార్లు అనుకుంది. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి, ఆ రోజు తనంత తానుగా ముందుకొచ్చింది.

"అయ్యా, ముందూ వెనకా, పక్కలూ, అన్నివైపులా వేసి కుట్టేస్తే? అప్పుడు పూర్తిగా ఆగుతుంది కదండీ?"

"ఆగుతుంది" అన్నాడాయన. "పూర్తిగా ఆగుతుంది."

శాంపిలక్క ఓనరమ్మ వైపు చూసింది. విన్నారా అన్నట్టు.

"ఫోన్ కూడా ఆగిపోతుంది" అన్నాడు మీటరాయన. ఒక తుమ్ము తుమ్మి, సర్దుకుని చెప్పాడు. "లోపల్నించి మాట బయటికి పోదు, బయటి మాట లోపలికి రాదు. చూడ్డానికి ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. కానీ అది ఉన్నా లేనట్టే."

శాంపిలక్కకు ఆ మాట చెవికి ఎక్కింది కానీ మెదడుకి ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు అనాలి. తన మిషన్ సొరుగులో మచ్చుకి కుట్టిన సంచి ఉంది. వెళ్ళి తెచ్చింది. సంచిని ఆయన చేతిలో పెట్టి, "ఒకసారి ఇందులో పెట్టి చూడండయ్యా" అంది.

ఆయన కుట్టును తిప్పి తిప్పి చూశాడు. "పనితనం బాగుందమ్మా" అన్నాడు మనస్ఫూర్తిగా. తన ఫోన్ లోపల పెట్టి బొత్తం నొక్కాడు. టిక్కుమంది. కటింగు మాస్టరు వైపు తిరిగి, "నాకు చేయండి" అని నంబరు చెప్పాడు. ఓనరమ్మ అనుమతి అడిగి మాస్టరు ట్రేలోంచి తన ఫోన్ తెచ్చి, నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు.

రింగు మోగలేదు. తర్వాత ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా, మీరు పిలుస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదని చెప్పింది.

ఫోన్ బుద్ధిగా ఉందన్న మాటా, పిన్ని ఊసెత్తకపోవడమూ, ఆదివారం నాటి తన నవ్వూ, అన్నీ ఒక్కసారే శాంపిలక్క మీద పడ్డాయి. ఎవరి మాటా వినకుండా ఓనరమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి ట్రేలోంచి తన ఫోన్ తీసి మరదలికి చేసింది. అదే గొంతు. అదే మర్యాద. మళ్ళీ చేసింది. ఆ పొద్దున తమ్ముడూ మరదలూ వెళ్ళిన డయాలసిస్ సెంటరు నంబరుకి చేసింది. అది ఎంగేజు.

ఓనరమ్మ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఎక్కడికి?"

"డయాలసిస్ సెంటరుకి మేడమ్. మా మరదలి మెడలో ఆ సంచే ఉంది. ఆసుపత్రి వాళ్ళు ఆ నంబరుకే చేస్తారు."

"వెళ్దువుగాని. ముందు ఒక్క మాట విను. పన్నెండింటికి బండొస్తుంది. ఇక్కడ జరిగింది ఇక్కడే ఉండాలి. నువ్వు అక్కడికెళ్ళి నలుగురిలో కేసులూ సంచులూ అంటూ ఏడ్చావనుకో, ఇక్కడ ఆరుగురి పని పోతుంది. నీది కూడా."

"నలుగురితో నాకేం పని మేడమ్. ఒక్కదానికే చెప్పాలి."

"అసలు నిన్నెవరు కుట్టమన్నారు అలా? డిజైనుకి ఒక లెక్కుంది. వెనక గుడ్డ ఎందుకు వేయలేదో నన్నడిగావా?"

మూడేళ్ళు పక్కనే ఉండి శాంపిలక్క అడగలేదు. పీనాసిది అనుకుంది, అనుకున్నదే నిజమని నమ్మింది. వేరే ఏ మాట అన్నా తిప్పికొట్టేదేమో కానీ, ఇది మాత్రం ముల్లులా దిగింది. ఓనరమ్మను పక్కకు జరిపి తలుపు తీసుకుని మెట్లు దిగింది. మెడలో దారాలు తెంపే కత్తెర వేలాడుతున్న సంగతి కూడా గుర్తులేదు.

*

ఆటోలో దారి పొడుగునా ఆమె రెండు నంబర్లకూ మార్చి మార్చి చేస్తూనే ఉంది. ఒకటి అందుబాటులో లేదు, ఒకటి ఎంగేజు. ఏమీ అయుండదులే, మూడు రోజుల్లోనే ఫోన్ వచ్చేస్తుందా, నాలుగేళ్ళు రానిది, అని తనకు తనే చెప్పుకుంది. అలా అనుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త పెరిగింది. సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే దిగి పరుగెత్తుదామనిపించింది.

డయాలసిస్ సెంటరు ముందు గదిలో గోడగడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. అద్దం అవతల తమ్ముడు మిషన్ పక్కన పడుకుని, చేతిలోంచి వెళ్ళి వస్తున్న ఎర్రటి గొట్టాల వైపు కాక పైకప్పు వైపు చూస్తున్నాడు. మరదలు కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఒక చేయి పొట్టమీద, ఇంకో చేయి సంచిమీద.

"ఏంటొదినా ఈ వేళప్పుడు? పనిలేదా?"

"ఫోన్ తియ్యి."

"మీరే కదా ఒట్టేయించుకున్నారు. పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా తీయలేదు. కావాలంటే ఆ సిస్టరునడగండి."

"తియ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను, తియ్యి."

వదిన గొంతు అలా ఎప్పుడూ వినలేదు మరదలు. బొత్తం లాగింది. ఫోన్ బయటికి వచ్చింది. తెర మీద సిగ్నల్ గీతలు లేవు. ఇద్దరూ దానివైపే చూస్తూ నిలబడ్డారు. ఒక గీత వచ్చింది. తర్వాత మూడు. తర్వాత మెసేజీలు ఒకదాని వెనక ఒకటి మోగడం మొదలుపెట్టాయి.

అందని కాల్స్ పదిహేడు. వాటిలో పదకొండు శాంపిలక్కవి. రెండు పిన్నివి. నాలుగు పెద్దాసుపత్రివి. తొమ్మిదీ నలభై, తొమ్మిదీ యాభై ఐదు, పదీ పది, పదీ ఇరవై ఐదు.

శాంపిలక్క ఆ ఫోన్ తీసుకుని ఆసుపత్రికి కలిపింది. రెండో రింగుకే ఎత్తారు. ఆమె తమ్ముడి పేరు చెప్పగానే అవతలి మనిషి గొంతు మారింది.

"మీ మొదటి నంబరు కలవలేదమ్మా. నాలుగుసార్లు చేశాం. పదిన్నర దాటాక రెండో నంబరుకి చేశాం. ఎత్తారు. 'ఇప్పుడు కుదరదు, అందరూ పనిలో ఉన్నారు' అని పెట్టేశారు. రారనుకుని తర్వాతి పేరు వాళ్ళకి చెప్పేశాం. వాళ్ళు బయల్దేరారు."

"రెండో నంబరు నాదేనండీ. నేనెత్తలేదు."

"ఎత్తారమ్మా. ఆడమనిషి గొంతే."

శాంపిలక్క తన ఫోన్‌లో చూసింది. పదీ నలభై రెండు. ఆసుపత్రి నంబరు. వచ్చిన కాల్, ఎత్తిన కాల్. పద్నాలుగు సెకన్లు. కళ్ళజోడు తుడుచుకుంటూ ప్యాకింగు గదిలోకి వచ్చిన మనిషి కళ్ళముందు మెదిలింది. ఈ ట్రే ఒకటి నా ప్రాణానికి.

"మేమిప్పుడు బయల్దేరితే?"

"డాక్టరుగారిని అడిగి చేస్తాను. మాటివ్వలేను. ఈ నంబరైనా అందుబాటులో ఉంచండి."

ఫోన్ పెట్టేశాక మరదలు వదిన మొహంలోకే చూస్తోంది. అంతా వినకపోయినా, వినాల్సింది వింది.

"మీ నంబరు ఎవరెత్తారొదినా? కుదరదని ఎవరన్నారు?"

జవాబు నాలుక చివరే ఉంది. నిజమైన జవాబే, నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఓనరమ్మ అంది, అని చెప్తే చాలు. మరదలు శాపనార్థాలన్నీ అటే పోతాయి. తమ్ముడి కోపమూ అటే పోతుంది. సంచి సంగతి ఎవరికీ తట్టదు. మరదలికి ఇంకా తట్టనేలేదు. సెంటరులో సిగ్నల్ సరిగ్గా ఉండదేమో అనుకుంటోంది పాపం, ఫోన్‌ను కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. చూస్తూ చూస్తూనే, మూడు రోజుల అలవాటు కొద్దీ, దాన్ని మళ్ళీ సంచిలోకి జార్చబోయింది.

శాంపిలక్క ఆ చేయి పట్టుకుంది. మెడలోని దారం కత్తెర అందుకుని, సంచి అడుగున తన చేతి కుట్టునే, ఎంతో బిగువైన ఆ కుట్టునే, ఈ చివర నుంచి ఆ చివరకు కోసేసింది. లోపలి వెండిగుడ్డ వేలాడింది.

"రెండో నంబరు మా ఓనరమ్మ ఎత్తింది. మొదటి నాలుగుసార్లూ దీనివల్ల పోయాయి" అంది. "నాలుగువైపులా నేనే కుట్టాను. బిడ్డకి మంచిదని కుట్టాను. ఇందులో పెడితే ఫోన్ పనిచేయదని నాకు తెలియదు. తెలుసుకోలేదు, అడగలేదు. ఇంకెవరూ కాదు, నేనే."

మరదలు ఆ గుడ్డ వైపు చూసింది. తర్వాత అద్దం అవతల ఉన్న మొగుడి వైపు చూసింది. అతను ఇద్దర్నీ గమనించి, సూదులు లేని చేయి ఎత్తి, ఏంటన్నట్టు సైగ చేశాడు. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండునని శాంపిలక్కకు అనిపించింది. మెడలోంచి సంచి తీసి పక్క కుర్చీలో పెట్టింది, అంతే.

ఫోన్ మోగింది. పెద్దాసుపత్రి నంబరు.

శాంపిలక్క చేయి అలవాటుగా ముందుకొచ్చింది. మరదలు ఫోన్‌ను ఛాతీకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనెత్తుతాను" అంది. ఈసారి చివర వదినా అనే పిలుపు లేదు.

చెవి దగ్గర పెట్టుకుని వింది. ఊ అంది. ఊ అంది. "వాళ్ళెక్కడి దాకా వచ్చారు?" అని అడిగి, మళ్ళీ వింది. గడియారం వైపు చూసింది. తర్వాత అద్దం తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళి, మిషన్ దగ్గరున్న సిస్టరును అడిగింది.

"ఉన్నపళంగా సూదులు తీయాలంటే ఎంతసేపు పడుతుంది?"

"రక్తం వెనక్కి ఎక్కించాలమ్మా. ఎంత తొందరపడినా పావుగంట" అంది సిస్టరు.

మరదలు ఫోన్ చేత్తో మూసి, మొగుడితో కాదు, సిస్టరుతో కాదు, గుమ్మంలో నిలబడిపోయిన శాంపిలక్కతో అంది.

"వాళ్ళకంటే ముందు చేరాలంటే మనకున్నది ఇరవై నిమిషాలు. కింద ఆ ఆటో ఉందా, పంపేశారా?"

శాంపిలక్క ఆటోను దిగగానే పంపేసింది.